ఇందిరమ్మ పెరట్లో హోటల్ గడ్డి

కొత్వాల్‌గూడలో ఇందిరమ్మ నోరు మంచిది కాదని పేరు. ఆ పేరు ఊరికే రాలేదు. ప్రసంగం సాగదీస్తున్న పాస్టరుగారిని నిండు చర్చిలో, "అయ్యగారూ, పొయ్యి మీద పప్పు మాడుతున్నది, జర ఆమెన్ అనుండ్రి" అన్న మనిషి ఆమె. విమానం నెత్తి మీదుగా పోతుంటే తిట్టు సగంలో ఆపి, ఆ చప్పుడు దాటిపోయాక ఆపిన చోటి నుంచే అందుకునేది. విమానాశ్రయం పక్కన కాపురం చేసేవాళ్ళందరికీ అబ్బే విద్యే అది. కానీ ఇందిరమ్మ అంత శుభ్రంగా ఇంకెవరూ చెయ్యలేరు.

అయితే ఆమె చెయ్యి మంచిదని తిట్లు తిన్నవాళ్ళు కూడా ఒప్పుకుంటారు. ఇంటి వెనక మిగిలిన కాస్త నేలలో పుంటికూర, పాలకూర, కొత్తిమీర, ఓ పక్క చిక్కుడు పందిరి, దాని నీడకు నాలుగు వంగ మొక్కలు. పొద్దున్నే టీ కూడా తాగకుండా కుర్పి పట్టుకుని మడుల మధ్య గొంతుక్కూర్చునేది. కంటపడిన గడ్డిపరకనల్లా పీకి, మన్ను దులిపి, గంపలో వేసేది. చుట్టాల ఇంటికి పోయినా వాళ్ళ కుండీల్లో కలుపు పీకకుండా ఊరుకోదు. శంషాబాద్‌లో ఆడబిడ్డ వియ్యాలవారి గుమ్మం ముందు కూర్చుని గడ్డి పీకిన ముచ్చట ఇప్పటికీ ఇంట్లో చెప్పుకుంటారు.

అటువంటి ఇందిరమ్మ పెరట్లోకి ఇప్పుడు వెళ్ళి చూస్తే ముందుగా కనబడేది గడ్డే.

చూడడానికి ముద్దుగానే ఉంటుంది. సన్నటి ఆకు, లేత పచ్చ, కాలు పెడితే మెత్తగా. కానీ దాని అసలు బుద్ధంతా నేల కింద ఉంది. తెల్లగా, గట్టిగా, సన్నపాటి తాడులా వేరు అడ్డంగా పాకుతుంది. కణుపు కణుపుకూ ఒక మొలక లేస్తుంది. పీకితే తెగుతుంది, తెగిన ముక్క మళ్ళీ మొక్కవుతుంది. ఊళ్ళో దాన్ని హోటల్ గడ్డి అంటారు, ఎందుకంటే అది వచ్చింది హోటల్ నుంచే. తెచ్చినవాడు ఇందిరమ్మ మొగుడు మార్కు. తెచ్చి వేసింది కూతురి సమాధి మీద.

కూతురి పేరు షెకీనా. శంషాబాద్‌లో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతూ ఉండగా రక్తానికి సంబంధించిన జబ్బు బయటపడింది. పట్నంలో దవాఖానకు తిప్పడం మొదలుపెట్టారు. జుట్టంతా రాలిపోతుందని నర్సు ముందే చెప్పింది. షెకీనాది నడుం దాటిన జడ. దవాఖాన నుంచి వచ్చిన రోజే చిక్కుడు పందిరి కింద పీట వేసుక్కూర్చుని, "మమ్మీ, ఎట్లాగు పోయేదే గదా, గది గింత గింత రాలుడు నేను చూడలేను. నువ్వే తీసెయ్యి" అంది.

ఇందిరమ్మ బట్టలు కత్తిరించే కత్తెర తెచ్చింది. ఆ రోజు ఆమె నోట తిట్టు రాలేదు, ఏడుపూ రాలేదు. కొసలు సమంగా రావాలని మాత్రం చూసింది, నాలుగు రోజులకు పూర్తిగా రాలిపోయే జుట్టుకు కొసలు సమంగా ఉంటే ఎంత, లేకుంటే ఎంత. షెకీనాయే తల్లికి ధైర్యం చెప్పింది. "ట్రీట్‌మెంట్ అయినంక మల్ల వస్తదంట మమ్మీ. రింగులు రింగులు వస్తదంట. అప్పుడు చూడు నా స్టైలు." తర్వాత ఇందిరమ్మ ఆ కత్తెరను పాత చీర ముక్కలో చుట్టి ట్రంకు పెట్టె అడుగున పడేసింది. బట్టలు కత్తిరించాల్సి వచ్చినా దాన్ని మాత్రం తియ్యలేదు, పక్కింటి నుంచి అడుక్కొచ్చుకునేది.

మార్కు కథ వేరు. విమానాశ్రయం దారిలో ఉన్న ఒక పెద్ద హోటల్ తోటలో మాలీ అతను. నెమ్మదైన మనిషి, మొక్కలతో తప్ప మనుషులతో ఎక్కువ మాట్లాడడు. కూతురంటే ప్రాణం. కానీ జుట్టులేని ఆ తల వంక మాత్రం చూడలేకపోయేవాడు. ఆమెతో మాట్లాడేటప్పుడు గోడ మీది గడియారం వైపు చూసేవాడు. "టైమెంతైంది డాడీ?" అని షెకీనా ఏడిపించేది. మార్కు నిజంగానే టైము చెప్పి అక్కణ్ణుంచి లేచిపోయేవాడు.

ఆ జుట్టు మళ్ళీ రాలేదు. వానలు బాగా పడి హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తిన వారంలో షెకీనా పోయింది.

వాళ్ళ సమాధుల తోట పల్లంలో ఉంటుంది. ఆ వారం అందులో మోకాలి లోతు నీళ్ళు. నీళ్ళలో పిల్లను ఎట్లా పెడతారు? చర్చి పెద్దలు ఆలోచించి, పట్టా భూమే కదా, మన తాతలు కూడా సొంత చేన్లలోనే పెట్టుకునేవాళ్ళు కదా అని, పెరటి మూలన, చిక్కుడు పందిరి అవతల తవ్వించారు. వచ్చినవాళ్ళందరూ తలా పిడికెడు మన్ను వేశారు. షెకీనా తమ్ముడు కాలేబు రెండు చేతులతో వేశాడు. ఇందిరమ్మ వెయ్యనంది. ఎవరెంత చెప్పినా పిడికిలి తెరవలేదు. ఆ మన్ను ఇంట్లోకి తెచ్చుకుని, మర్నాడు పొద్దున ఒక్కతే పోయి వేసివచ్చింది.

ఆ రోజే మరొకటి జరిగింది. పెళ్ళైన మరుసటి ఏడాది షెకీనా పుట్టినప్పటి నుంచి ఇందిరమ్మ మొగుణ్ణి "షెకీనా డాడీ" అనే పిలిచేది. కాలేబు పుట్టిన తర్వాత కూడా ఆ పిలుపు మారలేదు. సమాధి చేసివచ్చిన సాయంత్రం, "కాలేబు డాడీ, కాళ్ళు కడుక్కోని రా" అంది. మార్కు తొట్టి దగ్గర చెంబు పట్టుకుని కాసేపు అట్లాగే నిలబడిపోయాడు. తర్వాత కాళ్ళు కడుక్కున్నాడు.

వానలు ఆగలేదు. పోయినవాళ్ళ ఇంట్లో పెట్టే ఆదరణ కూటం ప్రార్థన నాటికి సమాధి మీది మన్ను సగం కొట్టుకుపోయింది. ఎర్రగా, నున్నగా, మధ్యలో కుంగి కనబడేది. సరిగ్గా అప్పుడే హోటల్లో ఏదో పెద్ద పెళ్ళి కోసం పచ్చిక మార్చారు. పీటల్లా కోసి తెచ్చిన పచ్చిక ముక్కలు కొన్ని మిగిలితే, పారేయమన్నారు. మార్కు వాటిని తడిగోనెలో చుట్టి బండి మీద ఇంటికి తెచ్చాడు. సాయంకాలం చీకటి పడకముందే సమాధి మీద ఒక్కొక్కటీ పరిచి, సందులు లేకుండా అరచేత్తో తట్టి, నీళ్ళు చల్లాడు. ఇందిరమ్మ పందిరి గుంజ పట్టుకుని చూస్తూ నిలబడింది.

నిజం చెప్పాలంటే అప్పుడు ఆమెకూ ఆ గడ్డి నచ్చింది. మధ్యాహ్నాలు దాని మీద చెయ్యి వేసుకుని పడుకునేది. సమాధి చూడవచ్చిన వదినలు, "గిట్లుండాలె, ఎంత సల్లగున్నదో" అన్నారు. అది వేరు పట్టిందని మార్కు రోజూ వంగి చూసి సంతోషపడేవాడు. ఏళ్ళ తరబడి హోటల్లో ఆ గడ్డితోనే వేగిన మనిషి. పూలమడుల్లోకి అది పాకకుండా నెలకోసారి అంచులు తవ్వి కోసేది అతనే. ఆ గుణం తెలిసి తెలిసి ఇంటికి తెచ్చుకున్నాడు. దుఃఖంలో ఉన్న మనిషికి తెలిసిన సంగతి కూడా గుర్తుకు రాదు కాబోలు.

పెరట్లో షెకీనా చేత్తో వేసినవి డిసెంబర్ పూల మొక్కలు. కాలేజీ మొదటి సంవత్సరంలో కొత్తూరులో ఉండే స్నేహితురాలి ఇంటి నుంచి కొమ్మలు తెచ్చి, మడులకూ మూలకూ మధ్య వరుసగా గుచ్చింది. "మమ్మీ, నీ తోటల అన్ని తినేటియే. సూసేటివి గూడ జర ఉండాలె" అంది. ఆమె పోయిన తర్వాత వచ్చిన మొదటి క్రిస్మసుకు ఆ వరుసంతా ఊదా రంగుతో విరగబూసింది. ఇందిరమ్మ ఆ పూలు కోసి, దండ గుచ్చి, సమాధి మీద పెట్టింది. ఆ పూలు పూసినన్నాళ్ళూ తన బిడ్డ మొదలుపెట్టిన పని ఒకటి ఈ ఇంట్లో ఇంకా నడుస్తోందని ఆమెకు అనిపించేది. రోజంతా అదొక్కటే ఆమెకు కాస్త ఊపిరి.

తర్వాతి వానాకాలంలో గడ్డి సమాధి దిగింది.

మొదట కొత్తిమీర మడిలో నాలుగు మొలకలు కనబడ్డాయి. ఇందిరమ్మ పీకేసింది. మళ్ళీ వచ్చాయి. పుంటికూర మొదళ్ళలోకి పోయింది, వంగ పాదుల్లో తేలింది, చివరికి డిసెంబర్ మొక్కల వరుసలోకి దూరి వాటి మొదళ్ళకు చుట్టుకుంది. ఆమె పొద్దున పీకేది, మాపటేల పీకేది. గంపలకు గంపలు పీకి దిబ్బ మీద పోస్తే, దిబ్బ మీద కూడా అది వేరు పట్టి పచ్చగా లేచింది. ఇందిరమ్మ తన జన్మలో ఏ గడ్డినీ అన్ని తిట్లు తిట్టి ఉండదు.

మార్కు ఒకరోజు భయపడుతూనే చెప్పాడు. "పీకితే పోయేది కాదే అది. జానెడు లోతు తవ్వి, తెల్ల వేరు ముక్క గూడ ఇడవకుండ ఏరాలె. మడులల్ల తవ్వుదాం. కాని అసలు మూలం సమాధి మీదున్నది. గది తియ్యకుంటే, ఈడ ఎంత తవ్వినా మల్ల ఆడి నుంచే దిగుతది."

"సమాధి మీద గడ్డపార ఏస్తవా?"

"మీది మీదనే తీస్త ఇందిరా. జానెడు."

"జానెడు లేదు, మూరెడు లేదు. నా బిడ్డ దగ్గరికి ఇనుము రావొద్దు. దవాఖానల పొడిచిన సూదులు సాలయా?"

ఆ రోజు నుంచి అది ఇంట్లో చట్టమైంది. సమాధి మీద మొలిచినదాన్ని ఎవ్వరూ తవ్వకూడదు. గడ్డికి అంతకన్నా ఏం కావాలి? పెరడంతా ఎండిపోయినా, తవ్వేసినా, దాని ఇల్లు దానికి భద్రంగా ఉంది. అక్కడి నుంచి వేర్లు మళ్ళీ బయల్దేరేవి.

పక్కింటి సక్కుబాయి కొత్తూరు దిక్కున కౌలుకు పత్తి వేస్తుంది. ఆమెకు ఇందిరమ్మ అవస్థ చూసి మనసు ఊరుకోలేదు. "ఎందుకక్కా నడుం ఇరగ్గొట్టుకుంటవు? మా పత్తిల కొట్టే గడ్డి మందున్నది. పంపు గూడ ఇస్త. సమాధి మీద కొట్టకు, సుట్టూత కొట్టు. వారం తిరిగేసరికి ఎండుతది" అంది.

మార్కు డ్యూటీకి పోయిన రోజు చూసి ఇందిరమ్మ పంపు వీపుకు తగిలించుకుంది. అతనితో చెబితే వద్దంటాడని ఆమెకు తెలుసు. ఆకుకూరల మీద ప్లాస్టిక్ సంచులు కప్పింది, వంగ మొక్కల మీద తువ్వాలు కప్పింది. డిసెంబర్ మొక్కల మీద మాత్రం ఏమీ కప్పలేదు. అవి కాస్త ఎత్తుగా ఉన్నాయి కదా, తాను నాజిలు నేలకు ఆనించే కొడుతోంది కదా అనుకుంది. అప్పుడే చెరువు వైపు నుంచి గాలి లేచింది. ఆమె దాన్ని లెక్క చెయ్యలేదు. ఆ వరుస మొదళ్ళలో గడ్డి మరీ దట్టంగా ఉందని, అక్కడ ఇంకో రెండు సార్లు ఎక్కువే కొట్టింది.

గడ్డి పసుపు రంగుకు తిరిగింది. ఇందిరమ్మ చాలా రోజుల తర్వాత మొహం విప్పుకుని, సక్కుబాయికి చిక్కుళ్ళు కూడా పంపింది. ఆ మర్నాడు డిసెంబర్ మొక్కల ఆకులు అంచుల నుంచి ముడుచుకోవడం చూసింది. మొగ్గలు వేస్తున్న కాలం. ఆమె బిందెలకు బిందెలు నీళ్ళు తెచ్చి ఆకులు కడిగింది, మొదళ్ళు కడిగింది, తడిబట్టతో కొమ్మలు తుడిచింది. కాలేబు విమానాశ్రయం కార్గోలో రాత్రి డ్యూటీ దిగి వచ్చేసరికి తల్లి మొక్కల మధ్య తడిచి ముద్దయి కూర్చునుంది. "ఏందే మమ్మీ గిట్ల?" అంటే, "మీ అక్క మొక్కలు రా" అని మాత్రం అంది.

క్రిస్మసు నాటికి ఆ వరుసలో గోధుమరంగు పుల్లలు మిగిలాయి. విప్పకుండానే మాడిన మొగ్గలను ఇందిరమ్మ కొంగులో ఏరుకుంది. ఆ పుల్లల పక్కనే, సమాధి వైపు నుంచి, హోటల్ గడ్డి మళ్ళీ పచ్చగా, సన్నగా తల ఎత్తింది.

మార్కు ఆ పుల్లలను చూశాడు, సక్కుబాయికి ఇంకా తిరిగివ్వని పంపును చూశాడు, ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఇందిరమ్మకు కాస్త తేలికగా ఉండేది. ఆ ఏడాది క్రిస్మసు ఆరాధనలో ప్రసంగం చాలాసేపు సాగింది. ఇందిరమ్మ ఏమీ అనలేదు. ఇంటికి వెళ్ళేటప్పుడు అందరూ ఆ సంగతే మాట్లాడుకున్నారు. ఇందిరమ్మ నోరు మంచిది కాదనేవాళ్ళే, ఆ నోరు మళ్ళీ ఎప్పుడు లేస్తుందా అని ఎదురుచూడడం మొదలుపెట్టారు.

ఈస్టరుకు ముందు నలభై రోజుల ఉపవాసాల శ్రమకాలం వచ్చింది. ఈస్టరు తెల్లవారుజామున సమాధుల దగ్గర కొవ్వొత్తులు పెట్టడానికి చుట్టాలు వస్తారు. కాలేబు తల్లి దగ్గర కూర్చుని మెల్లగా కదిపాడు. "మమ్మీ, ఈ గడ్డి పంచాయితే వద్దు. షాద్‌నగర్‌ల ఒకాయన గ్రానైట్ పని బాగ చేస్తడు. మొత్తం తీసేసి బండతోని కట్టిద్దం. మల్ల మొలవమన్నా మొలవది."

ఇందిరమ్మ కొడుకు వైపు చూసింది. "బిడ్డ మీద అంత బరువు పెడ్తరారా?" అంది. కాలేబు ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

తర్వాతి ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నం కూడా తినకుండా మార్కు చొక్కా విప్పి గడ్డపార భుజాన వేసుకున్నాడు. ఎవరితోనూ చెప్పకుండా నేరుగా పెరటి మూలకు నడిచాడు. ఇందిరమ్మ చేతిలో గిన్నె వదిలేసి పరుగెత్తింది.

"ఏం చేస్తున్నవ్?"

"తీస్త. నేనే ఏసిన, నేనే తీస్త. బిడ్డ పెట్టిన చెట్లు సచ్చిపోయినయి నా మూలంగ."

ఇందిరమ్మ పోయి సమాధి మీద కూర్చుంది. కాళ్ళు చాపుకుని, రెండు చేతులూ గడ్డిలో ఆనించి కూర్చుంది. మార్కు గడ్డపార నేలకు గుచ్చి నిలబడ్డాడు. నెలల తరబడి మూసుకున్న ఇందిరమ్మ నోరు అప్పుడు తెరుచుకుంది.

"నా మూలంగ అంటవా? మందు కొట్టింది నేను. నీ మూలంగ వచ్చింది గడ్డి. ఎవలడిగిండ్రు నిన్ను? ఊళ్ళె ఎన్ని సమాధులు లేవు, అందరు మన్నుతోని ఉంచుకుంట లేరా? హోటలోళ్ళు పారేసింది తెచ్చి నా బిడ్డ మీద..."

విమానం వచ్చింది. చాలా కిందికి, పందిరి మీది చిక్కుడాకులు వణికేంత కిందికి. ఇందిరమ్మ అలవాటు ప్రకారం ఆగింది. మార్కు ఆ చప్పుడులోనే ఏడుస్తున్నాడు. అతని నోరు కదలడం కనబడుతోంది కానీ ఏమంటున్నాడో వినబడలేదు. చప్పుడు దాటిపోయింది. ఇందిరమ్మ ఆపిన చోటి నుంచే అందుకోబోయింది.

"నా బిడ్డ మీద ఎందుకు కప్పినవయ్యా?"

"బోడిగ ఉండె ఇందిరా," అన్నాడు మార్కు.

ఆమెకు అర్థం కాలేదు.

"మన్ను వానకు కొట్టుకపోయి, ఎర్రగ, బోడిగ ఉండె. పొద్దున లేస్తే నాకు అదే కనబడుతుండె. బిడ్డ బతికున్నప్పుడు గా తల దిక్కు చూడలేకపోయిన. 'ఒక్కసారి నన్ను చూడు డాడీ' అని అడిగింది. దవాఖానల, ఆఖరికి ముందు. నేను గడియారం దిక్కు చూసిన. ఇగ సచ్చిపోయినంక గూడ చూడకుంట ఎట్ల తప్పించుకోవాలె? అందుకె కప్పిన. జుట్టు వచ్చినట్టుంటదని కప్పిన."

ఇందిరమ్మ చేతులు గడ్డిలోనే ఉన్నాయి. ఆమె వాటి వంక చూసుకుంది. వేళ్ళ సందుల్లోంచి సన్నటి పచ్చటి పోచలు లేచి ఉన్నాయి. ఆమె ఏడవడం మొదలుపెట్టింది. సమాధి చేసిన రోజు ఏడవని ఏడుపు, జుట్టు కత్తిరించిన రోజు ఏడవని ఏడుపు, అన్నీ కలిపి గొంతెత్తి ఏడ్చింది. సక్కుబాయి గోడ మీది నుంచి తొంగి చూసి, తాను చూడకూడనిదని తెలిసి వెనక్కి తగ్గింది. మార్కు గడ్డపార కింద పెట్టి సమాధి అవతల వైపు చతికిలబడ్డాడు.

చాలాసేపటికి ఇందిరమ్మ ముక్కు తుడుచుకుని లేచింది. గడ్డపార తానే తీసుకుంది. సమాధికి మూరెడు దూరంలో, మొనతో నేల మీద చుట్టూ గీత గీసింది.

"ఈడ తవ్వు," అంది. "గీతకు ఇవతల దిక్కు పెరడంత తవ్వుదాం. ఒక్క వేరు ముక్క ఇడవొద్దు. గీతకు అవతల దాని జోలికి పోవొద్దు. అది బిడ్డది."

మార్కు ఆమె వైపు చూశాడు. "కిందికెల్లి దాటొస్తది."

"దాటకుంట అడ్డం పెట్టు. హోటల్ల ఏం పెడ్తరు?"

ఆ తర్వాత రోజులన్నీ ఆ పనే. మార్కు డ్యూటీ దిగి వచ్చి, ఎండకు రాయిలా బిగిసిన నేలలో గీత వెంట మోకాలి లోతు కాలువ తవ్వాడు. బట్టలు ఉతికే చోట పరిచిన షాబాద్ బండలు లేపి, ఆ కాలువలో నిలువుగా దించి, సందుల్లో మన్ను కూరి దిమ్మిసతో కొట్టాడు. కాలేబు సెలవు పెట్టి బండలు మోశాడు. ఇందిరమ్మ మడులన్నీ తవ్వించి, మన్నును పాత జల్లెడలో పోసి జల్లించింది. దొరికిన తెల్ల వేరునల్లా మేడ మీద ఎండబెట్టి, పెళపెళలాడాక తగలబెట్టింది. ఆ ఎండాకాలం ఆమె పెరట్లో తినడానికి ఒక్క ఆకు లేదు. డిసెంబర్ మొక్కల పుల్లలను కూడా పీకాల్సి వచ్చింది. వాటి వేళ్ళకు గడ్డి వేళ్ళు ఎంతగా పెనవేసుకున్నాయంటే, ఏది ఏదో విడదీయడానికి ఆమెకు ఒక పూట పట్టింది. విడదీసి, చచ్చిన మొక్కలను ఒక పక్కన విడిగా పెట్టింది. వాటిని తగలబెట్టనివ్వలేదు.

ఈస్టరుకు ముందు శనివారం సాయంత్రం. పెరడంతా ఎర్రగా, ఖాళీగా, దున్నినట్టుగా ఉంది. దాని మూలన బండల మధ్య సమాధి ఒక్కటే పచ్చగా ఉంది. నీళ్ళు పట్టడంతో గడ్డి ఏపుగా పెరిగి, బండల అంచుల మీదుగా ఇవతలికి వాలుతోంది. ఇట్లాగే వదిలేస్తే పై నుంచి దాటి మళ్ళీ నేలను అందుకుంటుంది. మార్కు దాన్ని చూసి, "పొద్దుగాల హోటల్ నుంచి కోసే మిషన్ అడుక్కొస్త" అన్నాడు.

ఇందిరమ్మ ఇంట్లోకి పోయింది. ట్రంకు పెట్టె మూత చప్పుడు వినబడింది. తిరిగి వచ్చేసరికి ఆమె చేతిలో పాత చీర ముక్క ఉంది. దాన్ని విప్పి కత్తెర తీసింది. అంచు మీద కాస్త తుప్పు పట్టింది. కొంగుతో తుడిచి, బండల పక్కన గొంతుక్కూర్చుంది. ఒక కుచ్చు పట్టుకుని కత్తిరించింది. అది వంకరగా తెగింది. ఆమె ఆగింది.

"షెకీనా డాడీ," అని పిలిచింది.

గుమ్మం దగ్గర నిలబడ్డ కాలేబు ఉలిక్కిపడి తండ్రి వైపు చూశాడు. మార్కు కదల్లేదు, తననే పిలిచిందో లేదో అన్నట్టు.

"నిన్నే. ఇటు రా. జర వట్టుకో, కొసలు సమంగ రావాలె."

మార్కు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. రెండు చేతులతో గడ్డిని కుచ్చులు కుచ్చులుగా దగ్గరికి తీసి పట్టుకున్నాడు. ఆమె కత్తిరిస్తూ పోయింది. అతను ఈసారి మొహం తిప్పుకోలేదు. ఆమె చేతుల వంక, కత్తెర వంక, దాని కింద బయటపడుతున్న మొదళ్ళ వంక చూస్తూనే ఉన్నాడు. కళ్ళ నీళ్ళు కారుతున్నా తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

"వారానికి మల్ల పెరుగుతది ఇందిరా," అన్నాడు.

"పెరగనియ్యి," అంది ఇందిరమ్మ. "అప్పుడు పెరగనే లేదు."